నంబర్ల పద్దు రాసిన పట్వారి: జాన్ పోస్టెల్ జీవితం

జీవిత చరిత్ర అనగానే మనకు రామన్, రామానుజన్, మేడం క్యూరీ వంటి మహనీయులే జ్ఞాపకం వస్తారు. వారి గొప్పతనం కాదనేవారు ఎవరు? అయితే మనం రోజూ చేసే పని వెనక నిలబడి, పేరైనా చెప్పుకోకుండా వెళ్ళిపోయిన వాళ్ళు కూడా కొందరున్నారు. అలాంటి వారిలో జాన్ పోస్టెల్ ఒకరు. కంప్యూటర్ల లోకంలో ఆయన పేరు ప్రసిద్ధం. మన బీయెస్సీ పుస్తకాల్లో మాత్రం ఎక్కడో ఒక మూల కనబడుతుంది, అంతే.

పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఆల్టడీనా అనే ఊళ్ళో జన్మించారు. వాన్ నైస్ హైస్కూల్లో చదువుకున్నారు. తర్వాతి కాలంలో ఇంటర్నెట్‌కు పునాదులు వేసిన వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ బడి వాళ్ళే. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1966లో బి.ఎస్., 1968లో ఎం.ఎస్. పూర్తి చేసి, 1974లో కంప్యూటర్ సైన్సులో డాక్టరేటు పొందారు.

ఆయన అక్కడ పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే, 1969లో, ఆర్పానెట్ అనే నెట్‌వర్కు మొదలైంది. దాని మొట్టమొదటి కేంద్రం వాళ్ళ విశ్వవిద్యాలయమే. ఈ కంప్యూటర్ ఆ కంప్యూటర్‌తో ఏ పద్ధతిలో మాట్లాడాలో అప్పటికి ఎవరూ తేల్చలేదు. కుర్రవాళ్ళు తమకు తోచింది కాగితం మీద రాసి, అభిప్రాయం చెప్పండని అందరికీ పంపేవారు. ఆ కాగితాలకే ఆర్.ఎఫ్.సి. అని పేరు. మొదటిది 1969 ఏప్రిల్ 7న క్రాకర్ రాశారు. వాటిని సరిచూసి, వరుస నంబరు వేసి, భద్రపరిచే పని పోస్టెల్ మీద పడింది. ఇంచుమించు ముప్ఫై ఏళ్ళు, చనిపోయే దాకా, ఆ పని ఆయన వదల్లేదు.

ఇంకొక పద్దు కూడా ఆయనదే. ఒక కంప్యూటర్లో పది రకాల పనులు నడుస్తుంటాయి. బయటి నుంచి వచ్చిన సందేశం ఏ పనికి చెందాలో తెలియాలంటే ఒక్కో దానికి ఒక్కో నంబరు ఉండాలి. ఎవరికి తోచిన నంబరు వాళ్ళు పెట్టుకుంటే గొడవే. 1972లో పోస్టెల్ ఒక ఆర్.ఎఫ్.సి. రాసి, ఈ నంబర్లు ఇచ్చే బాధ్యత ఒక్క మనిషికి అప్పగించాలని, కావాలంటే ఆ మనిషిని తానే అవుతానని సగం నవ్వులాటగా ప్రతిపాదించారు. నవ్వులాట నిజమైంది.

వ్యవసాయ కుటుంబంలో పుట్టిన మాలాంటి వాళ్ళకు ఇది చటుక్కున అర్థమవుతుంది. ఊళ్ళో ప్రతి చెలకకూ, ప్రతి మడికీ సర్వే నంబరుంటుంది. ఏ నంబరు ఎవరిదో ఒకప్పుడు పట్వారి పహాణీలో రాసేవాడు. భూమి దున్నేది రైతే అయినా, ఆ పుస్తకంలో పేరు లేకపోతే రైతు ఎవరికీ కానివాడే. పట్వారి మంచివాడైతే ఊరు చల్లగా ఉండేది, కాకపోతే తాతల నాటి భూమి కోసం మనవలు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చేది. మన రాష్ట్రంలో పట్వారి, కరణాల వ్యవస్థను 1984లో రద్దు చేశారంటే దాని వెనక ఎంత కడుపుమంట ఉందో ఊహించుకోవచ్చు. పోస్టెల్ చేతిలో ఉన్నది ప్రపంచానికంతటికీ పహాణీ. అయినా ఆ పుస్తకాన్ని అడ్డం పెట్టుకుని సొమ్ము చేసుకున్నారన్న మాట ఆయన మీద రాలేదు.

1977లో ఆయన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఐ.ఎస్.ఐ. అనే పరిశోధనా సంస్థలో చేరారు. అదే ఏడు ఆగస్టులో ఒక పెద్ద సూచన చేశారు. సందేశాన్ని గమ్యం దాకా చేర్చడం ఒక పని, అది చెక్కుచెదరకుండా చేరిందో లేదో చూసుకోవడం ఇంకొక పని, రెంటినీ ఒకే ముద్దగా కలపకూడదు అన్నది దాని సారాంశం. ఆ ఆలోచన నిలిచింది. ఐ.పి. వేరు, టి.సి.పి. వేరు అయ్యాయి. 1980 ఆగస్టులో యు.డి.పి. అనే తేలికపాటి పద్ధతిని మూడంటే మూడు పేజీల్లో రాసేశారు. 1981 సెప్టెంబరులో ఐ.పి., టి.సి.పి. పత్రాలు ఆయన సంపాదకత్వంలోనే వెలువడ్డాయి. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం ఈ పద్ధతికి మారింది. ఫైళ్ళను ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపే ఎఫ్.టి.పి. నియమాలను 1985లో జాయిస్ రేనాల్డ్స్‌తో కలిసి రాశారు.

ఫైలును పంపించుకోవడం కంటే, ఉన్నచోటనే ఉంచి అందరూ వాడుకుంటే ఇంకా మేలు కదా! 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళు తయారుచేసిన ఎన్.ఎఫ్.ఎస్. ఈ పనే చేస్తుంది. ఊరికి ఒక చెరువు, చుట్టూ పొలాలు అనుకోండి. సర్వర్ చెరువు, మన కంప్యూటర్ మడి. నీటిని బిందెలతో మోసుకురానక్కరలేదు, తూము తెరిస్తే చాలు. ఆ తూము ఉండేది మన కంప్యూటర్ కెర్నెల్లో, అనగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగంలో.

వారాసిగూడలో ముగ్గురం కలిసి ఉండే గదిలో రెండు పాత కంప్యూటర్లున్నాయి. ఒకదానికి మాత్రమే హార్డ్ డిస్క్ ఉంది. రెండోది మొదటిదాని ఫైళ్ళతోనే బతకాలి. అందుకని లినక్స్ కెర్నెల్‌ను మేమే అమర్చుకున్నాం. మొదట నెట్‌వర్కు, ఐ.పి. సౌకర్యం ఎంచుకోవాలి. నెట్‌వర్కు కార్డుకు తగిన డ్రైవరు పెట్టాలి. తర్వాత నెట్‌వర్కు ఫైల్ సిస్టముల పట్టీలో ఎన్.ఎఫ్.ఎస్. క్లయింటు ఎంచుకోవాలి. మామూలుగానైతే దాన్ని విడి మాడ్యూలుగా ఉంచుకోవచ్చు. కానీ డిస్కే లేని యంత్రానికి ఆ మాడ్యూలు ఫైలు ఎక్కడిది? అదీ అవతలి యంత్రంలోనే ఉంటుంది. తోడుకునే చేంతాడు బావి అడుగున ఉన్నట్టు! ముందుగా కొన్ని ఫైళ్ళ మూట కట్టి కెర్నెల్‌కు ఇవ్వాలి, లేదా డ్రైవరును, క్లయింటును కెర్నెల్లోనే కలిపెయ్యాలి. మేం రెండో దారి పట్టాం. దానితోపాటు యంత్రం లేస్తూనే తన ఐ.పి. చిరునామా తాను తెచ్చుకునే సౌకర్యం, మూల డైరెక్టరీని నెట్‌వర్కు నుంచి తీసుకునే సౌకర్యం కూడా ఎంచుకున్నాం. అవతలి యంత్రం కూడా ఫలానా డైరెక్టరీ ఫలానా వాళ్ళకు ఇస్తానని తన పట్టీలో రాసుకోవాలి.

ఇందులో అడుగడుగునా పోస్టెల్ కనిపిస్తారు. చిరునామా ఐ.పి.ది. తొలినాళ్ళ ఎన్.ఎఫ్.ఎస్. నడిచింది ఆ మూడు పేజీల యు.డి.పి. మీదనే. యు.డి.పి.లో సందేశం చేరుతుందన్న హామీ లేదు. కనుక జవాబు రాకపోతే క్లయింటు మళ్ళీ అడుగుతుంది. సర్వర్ మధ్యలో పడిపోయి లేచినా పాత సంగతులేవీ జ్ఞాపకం ఉంచుకోనక్కర లేకుండా దాన్ని తీర్చిదిద్దారు. ఎన్.ఎఫ్.ఎస్. నియమాలు 1989లో ఆర్.ఎఫ్.సి. 1094గా, మూడో రూపం 1995లో ఆర్.ఎఫ్.సి. 1813గా వచ్చాయి. అప్పటికి ఆర్.ఎఫ్.సి.ల సంపాదకుడు పోస్టెల్‌గారే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఎన్.ఎఫ్.ఎస్. వాడే నంబరు 2049. అది తమకు అధికారికంగా కేటాయించింది కాదని 1989 నాటి పత్రమే ఒప్పుకుంది. అంటే పట్టా లేకుండా సాగు చేసుకుంటున్న భూమి అన్నమాట! తర్వాతి కాలంలో ఆ నంబరు ఎన్.ఎఫ్.ఎస్. పేరిట నమోదైంది. ఈనాటికీ ఆ పద్దులో 2049 ఎదుట ఇంకొక పేరు కూడా ఉంది. ఒకే సర్వే నంబరు, ఇద్దరు పట్టాదార్లు. మన ఊళ్ళో అయితే తలలు పగిలేవి.

పోస్టెల్ నేర్పిన నీతి ఒకటుంది. మన యంత్రం పంపేటప్పుడు నియమం తప్పకూడదు. ఎదుటివాడు పంపినదానిలో చిన్న లోపమున్నా, భావం తెలుస్తూంటే స్వీకరించాలి. ఇది యంత్రాలకు చెప్పినదే గాని మనుషులకూ పనికొస్తుంది. అయితే లోపాలను మరీ మన్నిస్తూ పోతే అవే అలవాటవుతాయని నేటి ఇంజనీర్లు కొందరు వాదిస్తున్నారు. అదీ ఆలోచించవలసిందే.

దేశాల పేర్ల విషయంలోనూ ఆయన జాగ్రత్త చూడండి. ఏది దేశం, ఏది కాదు అని తేల్చే పెత్తనం తన నెత్తిన పెట్టుకోలేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జాబితాలో ఉన్న రెండక్షరాల గుర్తులనే తీసుకున్నారు. మన దేశపు డాట్ ఇన్ 1989లో అలా వచ్చిందే.

1990ల్లో ఇంటర్నెట్‌లోకి డబ్బు ప్రవేశించింది. 1995లో పేర్ల నమోదుకు రుసుము పెట్టారు. ఈ పద్దు ఎవరిది అన్న తగాదా ముదిరింది. 1998 జనవరి 28న పోస్టెల్ ఎనిమిది రూట్ సర్వర్ల నిర్వాహకులకు కబురు పంపి, ఇకమీదట మూల జాబితాను తన యంత్రం నుంచి తీసుకోమన్నారు. వాళ్ళు మారుమాట్లాడకుండా మారారు. అమెరికా ప్రభుత్వం ఉలిక్కిపడి, వెంటనే వెనక్కి తిప్పమంది. అది పరీక్ష మాత్రమేనని చెప్పి ఆయన తిప్పేశారు. అది పరీక్షా, హెచ్చరికా అన్నది ఇప్పటికీ చర్చే. ఒక్కటి మాత్రం నిజం. ఆ ఎనిమిది మందీ కదిలింది చట్టానికి భయపడి కాదు, ఆ మనిషి మీద నమ్మకంతో. కానీ ఒక్క మనిషి మంచితనం మీద లోకమంతా ఆధారపడవచ్చునా? ఆ ప్రశ్న కూడా ఆ రోజే తేటతెల్లమైంది.

అదే ఏడు సెప్టెంబరులో ఈ బాధ్యత స్వీకరించడానికి ఐకాన్ అనే సంస్థ ఏర్పడింది. దాన్ని రూపొందించడంలో పోస్టెల్ స్వయంగా పాలుపంచుకున్నారు. అది నిలదొక్కుకోవడం చూసే అదృష్టం ఆయనకు లేకపోయింది. గుండె కవాటానికి శస్త్రచికిత్స జరిగాక పరిస్థితి విషమించి, 1998 అక్టోబరు 16న లాస్ ఏంజిలిస్‌లో కన్నుమూశారు. అప్పటికి వయసు యాభై ఐదు. మరుసటి సంవత్సరం నుంచి ఇంటర్నెట్ సొసైటీ ఆయన పేరిట ఒక పురస్కారం ఇస్తోంది.

విద్యార్థి మిత్రులారా! కొత్త యంత్రం కనిపెట్టినవాడికి కీర్తి వస్తుంది. అందరి లెక్కా ముప్ఫై ఏళ్ళు తప్పు లేకుండా రాసినవాడికి రాదు. రేపు మనలో చాలామంది ఏదో ఒక ఆఫీసులో ఏదో ఒక పద్దు చేతపట్టుకుని కూర్చునేవాళ్ళమే. ఆ పద్దులో ప్రతి గీత వెనకా ఒకరి పొలమో, ఒకరి పేరో ఉంటుంది. ఆ సంగతి మరవకుండా రాస్తే చాలు, పోస్టెల్ జీవితం మనకు వంటబట్టినట్టే.