కర్నల్ మెకంజీ కాగితాలు

స్కాట్లండు దేశపు లూయిస్ దీవిలో 1754లో జన్మించిన కాలిన్ మెకంజీ 1783లో మద్రాసు చేరి, కంపెనీ సేనలో ఇంజనీరైనాడు. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయిన పిదప, గెలిచిన సీమను ఏలుటకు, సేనలు నడపుటకు పటాలు కావలసివచ్చినవి. మైసూరు సర్వే ఆయనకు అప్పగించినారు. నిజాము 1800లో వదలుకొన్న దత్తమండలాలకు కూడ ఆ పని తరువాత విస్తరించినది. మార్కాపురం, గిద్దలూరు సీమలు నాడు వానిలోనివే.

పటాలతోపాటు మెకంజీ గ్రామ కైఫీయతులనూ కోరినాడు. అందుకు తోడ్పడిన తెలుగువాడు కావలి బొర్రయ్య 1803లో అకాలమరణం పొందగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం వహించినాడు. కరణాల కవిలెలు, శాసనాలు, ఊరి పెద్దల మాటలు కాగితానికెక్కినవి.

1821లో మెకంజీ మరణించగా, ఆ సంపుటాలను కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది; పని కొనసాగింతునన్న లక్ష్మయ్యను మాత్రం కాదన్నది. యుద్ధానంతరం గీసిన పటాలు పాతబడినవి. ఆ కైఫీయతులే నేడు మన పల్లెల చరిత్రకు ఆధారం.