తాటాకుల దొర

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొరగారు 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. 1817లో మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. కడప, మచిలీపట్నం, మన రాజమండ్రిలో కంపెనీ ఉద్యోగం చేశారు.

అప్పట్లో తెలుగు పుస్తకాలు ఎక్కువగా తాటాకుల మీదే ఉండేవి. అటకల మీద చెదలు తినేసేవి. దొరగారు వాటిని వెతికించి కొనేవారు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులకు జీతాలిచ్చి, పోల్చి చూసి మంచి ప్రతి రాయించేవారు. తన జీతం చాలక అప్పులు కూడా చేశారు. పుస్తకాల కోసం అప్పు! 1829లో వేమన పద్యాలు అచ్చువేయించారు. 1852లో నిఘంటువు వచ్చింది. 1884లో లండన్‌లో చనిపోయారు. ఆయన పోగుచేసిన తాటాకులు చెన్నైలో ఉన్నాయి.

మా కోయ పాటలు మాత్రం ఏ ఆకు మీదా ఎక్కలేదు. భూమి పండుగకి మగవాళ్ళు వేటకెళ్తే ఆడవాళ్ళు దారిలో అందర్నీ ఆపి పాడతారు. ఆ పాటలు మా అమ్మమ్మకి వచ్చు. ఆమెకి పళ్ళు ఊడిపోయాయి, సగం మాటలు సరిగా వినపడవు. సెలవుల్లో కూర్చోబెట్టి రూళ్ళ పుస్తకంలో 4 పాటలు రాశాను. గొంతు పట్టి పలికే చోట తెలుగు అక్షరం దొరక్క చుక్క పెట్టాను. ఇంకా చాలా ఉన్నాయంటుంది.