ఆదివారాన్ని సాధించిన సత్యశోధకుడు

మా తాత బొంబాయి బట్టల మిల్లులో సాంచాలు నడిపినవాడు. కరీంనగర్ ప్రాంతం నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ ఆ నగరానికి వలసవెళ్లిన వేలాది పద్మశాలీలలో ఆయన ఒకడు. చదువు లేదు, పొదుపు లేదు. ఆదివారం మాత్రం ఉండేది. ఆ రోజు బట్టలు ఉతుక్కునేవాడు, ఊరికి ఉత్తరం రాయించుకునేవాడు, కులసంఘం సమావేశానికి వెళ్లేవాడు. ఆయన మనుమడినైన నేను రిజర్వేషన్‌తో ఇంజనీరింగ్ చదివి, తొమ్మిదేళ్లుగా హైదరాబాద్ ఐటీ కొలువులో ఉన్నాను. ఆయన కూలి కంటే నా జీతం ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే ఆయనకున్న ఆదివారం నాకు లేదు. తాత అనుభవించిన ఆ రోజును ఎవరు సంపాదించిపెట్టారని వెతుకుతూ పోయినప్పుడు నారాయణ్ మేఘాజీ లోఖండే జీవితం నా ముందు నిలిచింది.

లోఖండే 1848లో ఠాణేలో పుట్టారు. జోతిరావు ఫూలే పుణెలో బాలికల పాఠశాల తెరిచిన సంవత్సరమది. ఫూలే వలెనే ఈయనదీ మాలీ కులమే, అనగా పూలు, కూరగాయలు పండించే శూద్ర కులం. మెట్రిక్యులేషన్ దాకా చదివి, రైల్వేలోనూ, తపాలా శాఖలోనూ చిన్న కొలువులు చేసి, ఆ తరువాత బొంబాయిలోని ఒక బట్టల మిల్లులో స్టోర్‌కీపరుగా చేరారు. కార్మికుల దుస్థితిని ఆయన పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. సరుకు లెక్కలు రాసుకుంటూ ప్రతిదినం కళ్లారా చూశారు.

ఆనాటి మిల్లుకు గడియారం సూర్యుడే. తెల్లవారగానే యంత్రం తిరగడం మొదలై, పొద్దుగూకేవరకు ఆగేది కాదు. వేసవిలో పనిదినం పదమూడు గంటలు దాటేది. వారాంతపు సెలవు అన్నమాటే లేదు. పండుగనాడు యజమాని దయతలిస్తే విశ్రాంతి, లేకుంటే యంత్రాలు తుడిచే పని. జీతం నెలల తరబడి చేతికందేది కాదు. 1881 నాటి తొలి ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్లు నిండిన పిల్లలను పనిలో పెట్టుకోవడానికి అనుమతించింది. వయోజనుల పనిగంటల ఊసే ఎత్తలేదు. కొంకణం, దక్కన్ పల్లెల నుంచి వచ్చిన రైతుకూలీలు, చేతివృత్తుల వారు, అంటరాని కులాల వారే ఆ శ్రామికులలో అత్యధికులు. శూద్రాతిశూద్రుల జన్మధర్మం సేవ చేయడమేనని శతాబ్దాలుగా నేర్పిన సమాజంలో, వారికి విశ్రాంతి కూడా ఒక హక్కేనన్న ఆలోచన యజమానులకే కాదు, చాలామంది సంస్కర్తలకు సైతం తట్టలేదు.

ఆ ఆలోచన లోఖండేకు సత్యశోధక సమాజం నుంచి వచ్చింది. ఫూలే 1873లో స్థాపించిన ఆ సమాజం బొంబాయిలో వేళ్లూనుకోవడానికి అక్కడి తెలుగువారు కూడా కారణమన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు వంటి తెలుగు కాంట్రాక్టర్లు ఫూలేకు అండగా నిలిచినవారు. నగరాన్ని కట్టిన మన కామాఠీ కూలీల పేరే నేటికీ కామాఠీపురకు మిగిలింది. కృష్ణారావు భాలేకర్ 1877లో పుణెలో ప్రారంభించిన సత్యశోధకుల పత్రిక దీనబంధును 1880లో లోఖండే బొంబాయికి తరలించి, దాని సంపాదకత్వ భారాన్ని స్వీకరించారు. మిల్లులో జరిగేదేమిటో ఆ పత్రిక ద్వారానే నగరానికి తెలిసింది.

1884లో ఆయన బాంబే మిల్‌హ్యాండ్స్ అసోసియేషన్‌ను ఏర్పాటుచేసి, సుమారు 5,500 మంది కార్మికుల సంతకాలతో ఒక వినతిపత్రం సమర్పించారు. ప్రతి ఆదివారం సంపూర్ణ విశ్రాంతి కావాలి. మధ్యాహ్నం అరగంట విరామం కావాలి. పని ఉదయం ఆరున్నరకు మొదలై సూర్యాస్తమయానికి ముగియాలి. గడచిన నెల జీతం మరుసటి నెల 15వ తేదీలోగా చెల్లించాలి. పనిలో గాయపడినవారికి కోలుకునేదాకా జీతం ఇవ్వాలి. ఇవీ కోర్కెలు. నేడు ఇవి అతి స్వల్పంగా తోచవచ్చు. నాటి యజమానులకు మాత్రం ఇవి రాజద్రోహంతో సమానంగా కనిపించాయి.

వ్యతిరేకత యజమానుల నుంచే వచ్చి ఉంటే ఆశ్చర్యపడనవసరం లేదు. పలు జాతీయవాద పత్రికలు సైతం ఫ్యాక్టరీ చట్టాలను ప్రతిఘటించాయి. పనిగంటలు తగ్గితే స్వదేశీ పరిశ్రమ దెబ్బతింటుందని, లాంకషైర్ మిల్లులకు లాభం చేకూరుతుందని వాటి వాదన. అందులో కొంత నిజముంది. భారతీయ మిల్లుల పోటీకి కళ్లెం వేయాలని లాంకషైర్ కోరుకున్న మాట వాస్తవమే. అయితే ఆ పోటీలో దేశానికి కావలసిన బలమంతా కూలి చెమట నుంచే ఎందుకు పిండాలి? పరిశ్రమ దేశానిదైతే, అందులో పనిచేసే శూద్రాతిశూద్రులు దేశంలో భాగం కారా? లోఖండే కృషి మొత్తం ఈ ప్రశ్నపైనే నిలబడింది.

1890 ఏప్రిల్ 24న బొంబాయి మహాలక్ష్మి మైదానంలో పదివేలమంది కార్మికులు సమావేశమయ్యారు. మహిళా కార్మికులు సైతం వేదికనెక్కి మాట్లాడారు. ఆ ఏడు జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవును అంగీకరించింది. అదే సంవత్సరం నియమితమైన ఫ్యాక్టరీ కార్మిక కమిషన్‌లో బొంబాయి తరఫున లోఖండేకు స్థానం లభించింది. తత్ఫలితంగా వచ్చిన 1891 చట్టం వారపు సెలవును, మధ్యాహ్న విరామాన్ని శాసనబద్ధం చేసింది; స్త్రీల పనిని 11 గంటలకు, 9 నుంచి 14 ఏళ్ల పిల్లల పనిని 7 గంటలకు పరిమితం చేసింది.

ఆదివారం క్రైస్తవ పాలకుల కానుక అనుకునేవారు ఒక విషయం గమనించాలి. మహారాష్ట్ర బహుజనుల కులదైవమైన ఖండోబాకు ఆదివారం పవిత్ర దినం. లోఖండే కోరిన సెలవుకు ప్రజల సంస్కృతిలోనే పునాది ఉంది. ఆయనకు కార్మిక సమస్య వేరు, సామాజిక సమస్య వేరు కాదు. వితంతువులకు శిరోముండనం చేయబోమని బొంబాయి క్షురకులు సంఘటితంగా నిలిచిన ఉద్యమం వెనుక ఆయన కృషి ఉంది. 1893లో హిందూ ముస్లిం ఘర్షణలు చెలరేగినప్పుడు ఇరువర్గాల శ్రామికులను ఒకచోట చేర్చి శాంతికి పాటుపడ్డారు. 1897లో ప్లేగు బొంబాయిని కబళిస్తున్నప్పుడు నగరం విడిచి పోక రోగులకు సేవచేస్తూ, ఫిబ్రవరి 9న అదే వ్యాధికి బలయ్యారు. నెల తిరిగేసరికి సావిత్రిబాయి ఫూలే సైతం పుణెలో అదే విధంగా కన్నుమూశారు.

ఆయన పరిమితులను దాచవలసిన పని లేదు. ఆ సంఘానికి సభ్యత్వ పట్టిక లేదు, చందా లేదు, నిధి లేదు. సమ్మె కంటే విజ్ఞాపననే అది ఎక్కువగా నమ్ముకుంది. వయోజన పురుషుల పనిగంటలకు 1911 దాకా చట్టబద్ధమైన హద్దు రాలేదు. మిల్లులోని కులం ఆయన తరువాత కూడా చెక్కుచెదరలేదు. కండెలోని దారాన్ని నోటితో పీల్చవలసి ఉంటుంది గనుక, ఎంగిలి మైల పేరుతో అంటరానివారిని మెరుగైన కూలి దొరికే నేత విభాగంలోకి రానిచ్చేవారు కాదు. 1928 సమ్మెకాలంలో డాక్టర్ అంబేద్కర్ ఈ వివక్షను కార్మిక నాయకుల ముందు నిలదీయవలసి వచ్చింది. 1891 చట్టం వచ్చిన ఏడాదే పుట్టిన ఆ అంబేద్కరే కార్మిక సభ్యుడిగా ఉండగా, 1946లో పనివారం 48 గంటలకు దిగివచ్చింది. 1922లో అది 60 గంటలు, 1934లో 54 గంటలు. ఒక్కొక్క గంటకూ ఒక్కొక్క పోరాటం.

ఈ చరిత్ర తెలిసినవాడికి నేటి మాటలు వింతగా వినిపిస్తాయి. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఒక ఐటీ దిగ్గజం సెలవిచ్చారు. 2025లో మరొక కార్పొరేట్ అధిపతి 90 గంటల దాకా వెళ్లి, ఆదివారాన్నీ వదలలేదు. 70 గంటలంటే 1922 నాటి వలస ప్రభుత్వ పరిమితిని కూడా దాటి వెనక్కి నడవడమే. అప్పుడూ దేశాభివృద్ధే సాకు, ఇప్పుడూ అదే సాకు. 2025లోనే రోజు పని పరిమితిని పది గంటలకు పెంచే దిశగా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అడుగులు వేశాయి.

ఈ భారం అందరి భుజాలపై సమానంగా పడదు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు. ఇంటిపేరు విని, ఊరి పేరు అడిగి, ప్రతిభను తూకం వేసే చోట, మొదటితరం ఉద్యోగి తన అర్హతను ప్రతిదినం కొత్తగా నిరూపించుకోవలసి వస్తుంది. నేను రాత్రి పదకొండింటికి వచ్చే ఫోను ఎత్తకుండా ఉండలేకపోవడానికి కారణం పనిమీద మమకారం కాదు. ఎత్తకపోతే కోటా బుద్ధి అంటారేమోనన్న భయం. ఇంట్లో చెల్లెలి చదువు, తండ్రి మందులు, ఇల్లు కట్టిన అప్పు ఈ జీతంమీదే ఆధారపడి ఉన్నాయి. వెనుక ఆస్తి ఉన్నవాడు రాజీనామా చేయగలడు, మాకు ఆ వెసులుబాటు లేదు. పనిగంటల ప్రశ్న కులప్రశ్న కూడా కావడం ఇక్కడే.

ధ్యానం తరగతులు, ఒత్తిడి నివారణ శిబిరాలు దీనికి మందు కావు. 48 గంటల హద్దు ఐటీ ఉద్యోగులకూ మినహాయింపు లేకుండా వర్తించాలి. విధివేళలు ముగిశాక ఫోనుకు జవాబివ్వనందుకు శిక్షించరాదని చట్టం చెప్పాలి. ప్రైవేటు రంగంలో సామాజిక న్యాయం అమలు కావాలి. వీటికోసం, మనం కార్మికులం కామన్న భ్రమ వదిలి సంఘటితం కావాలి. లోఖండే సైతం గుమస్తా బల్ల దగ్గర కూర్చున్నవాడే. మగ్గం దగ్గర నిలబడ్డవారితో కలిసినందువల్లనే మా తాతకు ఆదివారం దక్కింది. సిరిసిల్లలో మా బంధువులు నేటికీ సాంచాల దగ్గర పన్నెండు గంటల షిఫ్టులు చేస్తున్నారు. వారి ఆదివారం, నా ఆదివారం వేర్వేరుగా రావు.