పాత కట్టడముల శిష్యుడు: సర్ ఆర్థరు కాటను

గౌతమి, వసిష్ఠ, వైనతేయ అను గోదావరీ శాఖల నడుమ సముద్రతీరము వఱకు వ్యాపించిన పచ్చని నేలయే కోనసీమ. కొబ్బరితోటలతోను వరిచేలతోను కలకలలాడు ఈ సీమను చూచువారికి ఇది అనాదినుండియు ఇట్లే యుండెనేమో యని తోచును. కాని పందొమ్మిదవ శతాబ్దము పూర్వార్ధమున ఇచ్చటి రైతు కన్నులముందే నది నిండుగా పాఱుచున్నను, తన పొలమునకు నీరు లేక మబ్బులవంక చూచుచుండెడివాడు. ఆ నదీజలమును పొలములకు మరలించిన మహనీయుడు సర్ ఆర్థరు కాటను. ఆయన గొప్ప ఇంజనీరని అందఱు నెఱుగుదురు. పూర్వులు కట్టిన ప్రాచీన కట్టడములను పరిశీలించి, వానియొద్ద శిష్యునివలె నేర్చుకొన్నవాడని ఎఱిగినవారు మాత్రము కొలదిమంది.

కాటను 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో ఆయన పదవవాడు. అడిస్కోంబు అను చోట ఈస్టిండియా కంపెనీవారు నడుపుచుండిన సైనిక విద్యాలయమున చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమునకు ఎంపికయ్యెను. 1821లో మద్రాసు చేరెను. మొదటి బర్మాయుద్ధమున పాల్గొని తిరిగివచ్చిన పిదప, ఆయనకు కావేరీనది పనులు అప్పగింపబడెను. ఆయన జీవితమున అదియే గొప్ప మలుపు.

ఆ కాలమున తంజావూరు సీమ కష్టములో నుండెను. కావేరి రెండు శాఖలుగా చీలుచోట నీరు అధికభాగము కొల్లిడము అను ఉత్తరశాఖలోనికి దిగిపోవుచుండెను. పొలములను తడుపవలసిన దక్షిణశాఖ ఇసుకతో పూడిపోవుచుండెను. ఈ లోపమును సరిదిద్దుటకు ఉపాయము వెదకుచు కాటను ఆ ప్రాంతమున ప్రాచీనమైన ఒక ఆనకట్టను శ్రద్ధగా పరిశీలించెను. అది కల్లణై. క్రీస్తుశకము తొలి శతాబ్దములలో చోళరాజగు కరికాలుడు దానిని కట్టించెనని ప్రతీతి. మన రేనాటి చోడులు తమ వంశకర్తగా చెప్పుకొన్న కరికాలుడు ఈయనయే.

రాతి పునాది దొరకనిచోట నదికి అడ్డముగా కట్టిన గోడ నిలువదని నాటి ఇంజనీర్లు తలచుచుండిరి. కల్లణై క్రింద నున్నది ఇసుక మాత్రమే. అయినను అది శతాబ్దముల తరబడి వఱదలకు ఓర్చి నిలిచెను. దీనికి కారణమేమి? కాటను ఆ కట్టడము అడుగుభాగమును పరీక్షించి రహస్యమును గ్రహించెను. పూర్వులు పెద్ద పెద్ద రాళ్లను నదిలో వేసిరి. ఇసుక కోసుకొనిపోవగా రాళ్లు క్రుంగెను. క్రుంగినచోట మరల రాళ్లు వేసిరి. ఇట్లు వేయుచుండగా కొంతకాలమునకు రాళ్లు ఇక క్రుంగని లోతునకు చేరి స్థిరపడెను. వానిపై కట్టిన కట్టుబడి నిలిచెను. ఇసుకను జయింపవలెనన్న, దానితో పోరాడక దాని నడకను అనుసరింపవలెనను సంగతి ఆ రాళ్లు ఆయనకు బోధించెను.

పాలకుడగు జాతికి చెందినవాడయ్యు కాటను ఈ ఋణమును దాచలేదు. వదులు ఇసుకలో పునాది వేయు విద్యను తాము భారతీయుల కట్టడములనుండియే నేర్చితిమని ఆయన బహిరంగముగా ఒప్పుకొనెను. ఆ విద్యతోనే 1836 మొదలు 1838 వఱకు కొల్లిడముపై ఎగువ ఆనకట్టను నిర్మించి తంజావూరు సీమకు నీరు మరలించెను. ఆ దినములలోనే మద్రాసు చెంతనున్న ఎఱ్ఱకొండలనుండి రాయి తెచ్చుటకు ఇనుపకమ్మీల దారిని వేయించెను. భారతదేశమున తొలి రైలుదారులలో అది యొకటి.

తరువాత ఆరోగ్యము చెడి ఆయన ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. 1841లో ఎలిజబెత్తు లియర్మంతు అను ఆమెను వివాహమాడెను. తిరిగివచ్చిన పిదప విశాఖపట్టణమున సముద్రపుకోతను ఆపుటకు తీరమున రాతికట్టలు వేయించెను. అచ్చట నుండగా గోదావరీ మండల దుఃస్థితి ఆయన దృష్టికి వచ్చెను.

ఆ దుఃస్థితి చెప్పనలవికానిది. 1832-33 నాటి నందన కఱవు తెలుగుదేశమును పీల్చి పిప్పిచేసెను. 1839లో కోరంగి తీరమున ఉప్పెన వచ్చి అనేకులు అసువులు బాసిరి. 1821లో సుమారు 7,38,000 మంది జనులున్న రాజమండ్రి జిల్లాలో 1841 నాటికి 5,61,000 మందియే మిగిలిరి. చనిపోయినవారు పోగా బ్రతికినవారు పొట్టచేతపట్టుకొని వలసపోయిరి. ప్రక్కనే గోదావరి యేటేట కోట్లకొలది గరిసెల పంట పండింపగల నీటిని సముద్రమున కలుపుచుండెను.

1844లో కాటను ఈ ప్రాంతమంతయు తిరిగి, నేల యెత్తుపల్లములను కొలిచి, ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టినచో మూడు డెల్టాలకు నీరందునని కంపెనీ ప్రభుత్వమునకు నివేదించెను. ధనము వెచ్చించుటకు వెనుకాడుచున్న పాలకులకు లెక్కలతో నచ్చజెప్పెను. 1846 చివర అనుమతి లభించెను. 1847లో పని ప్రారంభమయ్యెను.

గోదావరి అడుగున ఎంత త్రవ్వినను ఇసుకయే. కావేరీతీరమున నేర్చిన పాఠము ఇచ్చట అక్కఱకు వచ్చెను. ఇసుకలో వరుసగా నూతులు దింపి, వానిపై గోడలు కట్టి, నడుమ రాళ్లు నింపించి, దిగువన వాలుగా రాళ్లు పఱపించెను. ధవళేశ్వరము కొండలో రాయి కొట్టించి, ఇనుపదారిపై బండ్లలో నదియొడ్డునకు చేర్చి, అచ్చటినుండి పడవలలో పనిచోటికి పంపుచుండిరి. సుమారు పదివేలమంది కూలీలు, తాపీవారు, కమ్మరులు, వడ్రంగులు ఎండనక వాననక శ్రమించిరి. కూలీలను సమకూర్చి పని నడపుటలో వీణెము వీరన్నగారు కాటనుకు కుడిభుజమై నిలిచిరి. ఆనకట్టయెడల మనము కాటనును తలచునపుడు వీరన్నగారిని, పేర్లు మిగులని ఆ వేలమంది శ్రామికులను గూడ తలచుట న్యాయము.

1848లో కాటను మరల వ్యాధిగ్రస్తుడై సెలవుపై పోగా, కెప్టెన్ ఆర్ పనిని సాగించెను. 1850లో కాటను తిరిగివచ్చెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ, లంకలను విడిచి కట్టుబడియే రెండుంబావు మైళ్లున్న ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను.

కాని కోనసీమలో మఱియొక చిక్కు మిగిలెను. బొబ్బర్లంకవద్ద బయలుదేఱిన కాలువ మధ్యడెల్టాను తడుపుచు గన్నవరము చేరునప్పటికి వైనతేయ అడ్డువచ్చుచున్నది. ఆవలి నగరము లంక రైతులకు నీరెట్లు? నదిమీద వంతెన కట్టి, ఆ వంతెనపై కాలువను పాఱించుటయే మార్గము. దీనినే మనవారు అక్విడక్టు అందురు. క్రింద నది, పైన కాలువ! కాటను ఈ పనిని లెఫ్టినెంట్ హేగు అను యువకునకు అప్పగించెను. వఱద తగ్గినది మొదలు మరల వఱద వచ్చువఱకే వ్యవధి. ఆ నడుమ ముగియనిచో సగము కట్టిన కమానులు కొట్టుకొనిపోవును. హేగు, అతని పనివారు ఆ వ్యవధిలోనే ఒక్కొక్కటి నలువది అడుగుల వెడల్పుగల నలువదితొమ్మిది కమానులను లేపిరి. 1852లో కాలువనీరు వైనతేయను దాటి ఆవలి పొలములకు చేరెను.

కాటనుకు 1861లో సర్ అను బిరుదము లభించెను. కాలువలు పొలములను తడుపుటయే గాక పడవలకు దారులు కూడ కావలెననియు, నదులను ఒకదానితో నొకటి కలుపవలెననియు ఆయన కడవఱకు వాదించెను. 1878లో ఇంగ్లండు పార్లమెంటు సంఘము ముందు తన వాదమును వినిపించెను. అది నాడు నెగ్గలేదు. అయినను ఆయన విసుగక వ్యాసములు వ్రాయుచు, తన చిన్న పొలమున గోధుమ సాగును పరిశోధించుచు కాలము గడపెను. 1899వ సంవత్సరము జూలై 24వ తేదీన, తొంబదియాఱవయేట డార్కింగు పట్టణమున పరమపదించెను. గోదావరీతీరమున పండితులు స్నానసంకల్పమున ఆయనను స్మరించుట కలదు. కోనసీమ గ్రామములలో ఆయన విగ్రహములు అనేకములు కలవు.

కాలము కాటను కట్టడములను కూడ పాతబఱచెను. ఆనకట్ట శిథిలమగుచుండుటచే ఆయన పేరిటనే కట్టిన క్రొత్త బారేజి 1982లో జాతికి అంకితమయ్యెను. గన్నవరము అక్విడక్టు నూఱేండ్లకు మించి కాలువను మోసి, ప్రక్కనే క్రొత్తది లేచుటతో విశ్రమించెను. ఆ క్రొత్త వంతెనకు అన్నదానమునకు ప్రసిద్ధిగాంచిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. పాత కమానులు దాని చెంతనే నేటికిని నిలిచియున్నవి. ఆనకట్ట పనులలో వాడిన పాత యంత్రములు, పనిముట్లు ధవళేశ్వరమునందలి కాటను మ్యూజియమున భద్రపఱుపబడినవి.

యంత్రములకు మ్యూజియము రక్షణ కలదు. నదిలో నిలిచిన కమానులను ఎవరు కాపాడవలెను? పాతగోడ పగులులో రావిమొక్క వేరూనినచో అది పెరిగి గోడను చీల్చును. ఇది యొక రాయి గదా యని ఒకడు, ఇది యొక ఇటుక గదా యని మఱియొకడు తీసికొనిపోయినచో కట్టడము కొలదికాలములోనే రూపుమాయును. మొక్కను లేతగా నుండగనే తీయించుట, పగులును సున్నముతో పూడ్పించుట, రాయి కదల్పవలదని తోటివారికి చెప్పుట గ్రామస్థులకు సాధ్యములైన పనులే.

పనికిరాని పాతకట్టను కాపాడుట ఎందులకని కొందఱు అడుగవచ్చును. కల్లణై రాళ్లను తంజావూరివారు ఇండ్లగోడలకు తరలించియున్నచో, కాటనుకు ఇసుకపునాది విద్య నేర్పు గురువు లేకపోయెడివాడు. ఆయన వంటి జిజ్ఞాసువు ఎన్నడో కోనసీమ బడిలోనే పుట్టవచ్చును. ఆ దినమున చూచి నేర్చుకొనుటకు గన్నవరము కమానులు ఉండవలెను.