పెద్దలు లేని దీవి - విలియం గోల్డింగ్ జీవితం

మనిషి మంచిగా నడుచుకునేది తనలోని మంచితనం వల్లనా, లేక పైన అడిగేవాడు ఉన్నాడన్న భయం వల్లనా? ఈ ప్రశ్నను పట్టుకుని ఒక నవల రాసి ప్రపంచాన్నంతా ఆలోచింపజేసిన ఇంగ్లీషు రచయిత విలియం గోల్డింగ్. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన రాసింది మనలాంటి బడిపిల్లల గురించే. అందుకే ఆయన జీవితం హాస్టల్ విద్యార్థులమైన మనం తప్పక తెలుసుకోవాలి.

గోల్డింగ్ 1911 సెప్టెంబరు 19న ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో జన్మించారు. తండ్రి అలెక్ గోల్డింగ్ మార్ల్‌బరో పట్టణంలో సైన్సు మాస్టారు. తల్లి మిల్డ్రెడ్ స్త్రీలకు ఓటుహక్కు కావాలని కోరిన ఉద్యమానికి మద్దతుగా నిలిచారు. చదువు, విజ్ఞానం పెరిగితే మనిషి బాగుపడతాడని తండ్రి గట్టిగా నమ్మేవారు. కొడుకూ ఆ నమ్మకంతోనే పెరిగారు. ఆక్స్‌ఫర్డ్‌లో రెండేళ్ళు సైన్సు చదివి, మనసు సాహిత్యం మీదికి పోవడంతో ఇంగ్లీషుకు మారారు. 1934లో చిన్న కవితల పుస్తకం వచ్చింది గాని పేరు రాలేదు. 1939లో ఆన్ బ్రూక్‌ఫీల్డ్‌ను వివాహమాడారు. సాల్స్‌బరీ పట్టణంలోని బిషప్ వర్డ్స్‌వర్త్ స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు.

అంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940లో ఆయన నౌకాదళంలో చేరారు. 1941లో జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్ కోసం సాగిన వేటలో పాల్గొన్నారు. 1944 జూన్‌లో ఫ్రాన్సులోని నార్మండీ తీరం మీద జరిగిన దాడిలో రాకెట్లు ప్రయోగించే ఓడకు నాయకత్వం వహించారు. బాగా చదువుకున్న దేశాల మనుషులే ఒకరినొకరు లక్షల సంఖ్యలో చంపుకోవడం కళ్ళారా చూశారు. తండ్రి ఇచ్చిన నమ్మకం అక్కడ చెదిరింది. చెడు అనేది శత్రుదేశంలో మాత్రమే లేదని, తనతో సహా ప్రతి మనిషిలోనూ దాగి ఉందని ఆయనకు అనిపించింది.

1945లో మళ్ళీ అదే బడికి తిరిగివచ్చారు. పిల్లలకు కొంత స్వేచ్ఛ ఇచ్చి, వాళ్ళు ఏం చేస్తారో గమనించడం ఆయనకు అలవాటు. క్లాసులో పిల్లలు పని చేసుకుంటుంటే తాను స్కూలు నోటుపుస్తకాల్లో నవల రాసుకునేవారు. ఎందరో ప్రచురణకర్తలు దాన్ని తిప్పి పంపారు. చివరికి ఫేబర్ సంస్థలో చార్లెస్ మాంటీత్ అనే సంపాదకుడు దాని విలువ గుర్తించారు. అలా 1954లో లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్ వెలువడింది. అప్పటికి గోల్డింగ్‌కు 42 ఏళ్ళు.

కథ ఇది. యుద్ధ సమయంలో పిల్లల్ని తీసుకుపోతున్న విమానం కూలి, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు అబ్బాయిలు మనుషులు లేని దీవిలో చిక్కుకుంటారు. పెద్దవాళ్ళెవరూ లేరు. మొదట రాల్ఫ్‌ను నాయకుడిగా ఎన్నుకుంటారు. శంఖం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలని నియమం పెట్టుకుంటారు. ఓడలకు కనబడేలా మంట వేస్తారు. కాని జాక్ అనేవాడికి వేట రుచి తగులుతుంది. రోజర్ అనే పిల్లవాడు మొదట్లో ఒక చిన్నవాడికి తగలకుండా పక్కన పడేలా రాళ్ళు విసురుతాడు. అప్పటికి అమ్మానాన్నల, బడి భయం వాడి చేతిని ఆపుతోంది. కొన్నాళ్ళకు ఆ భయం పోతుంది. అదే రోజర్ బండరాయిని దొర్లించి తోటివాడి ప్రాణం తీస్తాడు.

ఆ చనిపోయిన పిల్లవాడు లావుగా ఉండి, కళ్ళద్దాలు పెట్టుకునేవాడు. అందరికంటే తెలివిగలవాడు. వాణ్ణి పందిపిల్ల అనే అర్థం వచ్చే పేరుతో అందరూ పిలిచి నవ్వుకునేవారు. నవల మొత్తంలో వాడి అసలు పేరేమిటని ఒక్కరూ అడగరు. ఆ దీవిలో పతనం హత్యతో మొదలు కాలేదు, మొదటి రోజు నవ్విన నవ్వుతోనే మొదలైంది.

ఈ నవల అనేక దేశాల్లో పాఠ్యపుస్తకమైంది. గోల్డింగ్ 1961 వరకు పంతులుగా పనిచేసి, తర్వాత పూర్తిగా రచనకే అంకితమయ్యారు. 1980లో బుకర్ బహుమతి, 1983లో నోబెల్ బహుమతి, 1988లో సర్ బిరుదు అందుకున్నారు. 1993 జూన్ 19న కార్న్‌వాల్‌లోనే కన్నుమూశారు.

అయితే మనిషి ఇంతేనా? 1965లో పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దేశంలో నిజంగానే ఇలాంటి సంఘటన జరిగింది. బోర్డింగ్ స్కూలు విద్యార్థులు ఆరుగురు చెప్పకుండా ఒకరి పడవ తీసుకుని పారిపోయారు. తుఫానులో కొట్టుకుపోయి అటా అనే నిర్జన దీవికి చేరారు. పదిహేను నెలల పాటు అక్కడ అడిగేవాడు లేడు. వాళ్ళు ఇద్దరిద్దరు చొప్పున జట్లుగా విడిపోయి పనులు పంచుకున్నారు. మంట ఆరకుండా చూసుకున్నారు. తగవు వస్తే కోపం తగ్గేదాకా దూరంగా వెళ్ళి ఉండేవారు. ఒకరి కాలు విరిగితే మిగతావాళ్ళు కట్టు కట్టి, అతని వంతు పని తామే చేశారు. 1966లో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా నావికుడు వాళ్ళను కనుగొనేనాటికి ఆరుగురూ క్షేమంగా ఉన్నారు.

నియమాలు రెండు దీవుల్లోనూ ఉన్నాయి. ఒకచోట బలహీనుణ్ణి చూసి నవ్వారు, మరొకచోట బలహీనుడి పని పంచుకున్నారు. తేడా అక్కడే వచ్చింది.

మిత్రులారా! పేరు పెట్టి పిలవకుండా, కులం పేరుతోనో పేదరికం పేరుతోనో పిలిస్తే ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. అది తెలిసిన మనమే, ట్రంకుపెట్టెతో కొత్తగా వచ్చిన చిన్న తరగతి తమ్ముడికి వంకర పేరు పెడితే, వార్డెన్ గారు లేని రాత్రి వాడి చేత బకెట్లు మోయిస్తే, మనకూ రోజర్‌కూ తేడా ఏముంటుంది? గోల్డింగ్ చూపిన చీకటి మన లోపల ఉన్నమాట నిజమే. టోంగా విద్యార్థులు వెలిగించిన మంట కూడా మన చేతుల్లోనే ఉంది. ఈ సంవత్సరం మన హాస్టల్లో చేరిన ప్రతి చిన్నవాడి అసలు పేరు తెలుసుకుని, ఆ పేరుతోనే పిలుద్దాం.