మన ఇంటి గోడలో క్యారొలిన్ హాస్లెట్

ఇండియా నుంచి మిక్సీ, గ్రైండరు మోసుకొచ్చిన తెలుగువారికి బ్రిటన్‌లో మొదట అడ్డుపడేది గోడకున్న సాకెట్టే. మన గుండ్రటి పిన్నులు అందులో దూరవు. ఆ సాకెట్టు కథలో గుర్తుంచుకోవలసిన పేరు డేమ్ క్యారొలిన్ హాస్లెట్.

ఆమె 1895లో ససెక్స్‌లోని వర్త్‌లో జన్మించారు. తండ్రి రైల్వేలో సిగ్నళ్ళ పని చేసేవారు. 1914లో కొక్రన్ బాయిలర్ కంపెనీలో ఆఫీసు ఉద్యోగంలో చేరారు. మొదటి ప్రపంచయుద్ధం ఆడవారికి ఫ్యాక్టరీ తలుపులు తెరిచింది. ఆ అవకాశం అందుకుని ఆమె ఇంజనీరింగు పని నేర్చుకున్నారు. 1919లో విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీకి తొలి కార్యదర్శి, 1924లో ఎలక్ట్రికల్ అసోసియేషన్ ఫర్ విమెన్‌కు తొలి డైరెక్టరు అయ్యారు. బొగ్గు పొయ్యి దగ్గర, చాకిరేవులాంటి వంటింట్లో అలసిపోయే ఇల్లాలికి కరెంటు విశ్రాంతినివ్వాలన్నది ఆమె పట్టుదల. తెలియక ముట్టుకుంటే అదే కరెంటు ప్రాణం తీస్తుంది. అందుకే 1934లో మహిళల కోసం విద్యుత్తుపై ఒక చేపుస్తకానికి సంపాదకత్వం వహించారు.

యుద్ధానంతరం కట్టబోయే ఇళ్ళలో వైరింగు ఎలా ఉండాలో తేల్చడానికి 1942లో 20 మందితో ఒక కమిటీ ఏర్పడింది. అందులో ఏకైక మహిళ ఆమే. పసిపిల్లల క్షేమం కోసం సాకెట్టు రంధ్రాలకు మూతలు ఉండాలని ఆ కమిటీ 1944 నివేదిక చెప్పింది. 1947లో బీఎస్ 1363 ప్రమాణం వచ్చింది. పొడవైన ఎర్త్ పిన్ను ముందుగా లోపలికి వెళుతుంది. సాధారణంగా అదే మిగతా రెండు రంధ్రాల మూతలు తెరుస్తుంది. గ్రైండరు లోపల తీగ ఊడి ఇనుప ఒంటికి తగిలినా, కరెంటు ఎర్త్ తీగ గుండా పోయి ప్లగ్గులోని ఫ్యూజు కాలిపోతుంది.

1947లోనే ఆమెకు డేమ్ బిరుదు లభించింది. 1957 జనవరిలో కన్నుమూశారు. తన దహనం కూడా విద్యుత్తుతోనే జరగాలని కోరుకున్నారు.

రెండు పిన్నుల ఛార్జరు పట్టడానికి మనలో కొందరు ఎర్త్ రంధ్రంలో పెన్నో, అగ్గిపుల్లో దూర్చుతారు. ఆ క్షణంలో పిల్లల కోసం పెట్టిన తలుపును మన చేత్తోనే తెరుస్తున్నాం. సరైన అడాప్టరు కొంటే సరిపోతుంది. ఇంకొక మాట: ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా తీగను. మనిషిని కాపాడేందుకు ఫ్యూజు బాక్సులో 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు ఆపేసే ఆర్‌సీడీ ఉందో లేదో చూడండి. దానిపై ఉన్న టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి పరీక్షించండి.