క్లౌ దొర కంటే ముందు పేరయ్య

ఒంగోలు క్రైస్తవ చరిత్ర అనగానే క్లౌ దొర పేరు చెప్పడం పరిపాటి. జాన్ ఎవరెట్ క్లౌ జీవితాన్ని ఇంతకాలం ప్రధానంగా రెండు విధాలుగా రాస్తూ వచ్చారు. విశ్వాసులు ఆయనను అపొస్తలుల వరుసలో నిలబెట్టారు. విమర్శకులు కరువు కాలంలో గంజి పోసి మతం మార్చిన తెల్లదొరగా కొట్టిపారేశారు. ఈ రెండు కథల్లోనూ మాదిగలు చేయి చాచి పుచ్చుకునేవారే తప్ప తమంతట తాము ఆలోచించి నిర్ణయించుకునేవారు కారు. నా అభ్యంతరమంతా అక్కడే.

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, అయోవాలో పెరిగాడు. యవ్వనంలో సర్వే బృందాలతో కలిసి భూములు కొలిచాడు. 1864 చివర భార్య హారియట్‌తో బోస్టన్ రేవులో ఓడ ఎక్కి, మరుసటి ఏడు నెల్లూరు చేరాడు. అప్పటి తెలుగు బాప్టిస్టు మిషన్ పరిస్థితి దయనీయం. దాన్ని మూసివేయాలన్న చర్చ 1853లోనే అమెరికాలో జరిగింది. శామ్యూల్ స్మిత్ అనే కవి దానిని ఒంటరి నక్షత్రంగా భావించి గేయం రాయడంతో, దానికి లోన్ స్టార్ మిషన్ అన్న పేరు స్థిరపడింది. 1866 సెప్టెంబరులో క్లౌ ఒంగోలుకు మకాం మార్చాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ఆ తొలి రోజుల్లోనే ఎర్రగుంట్ల పేరయ్య ప్రవేశిస్తాడు. ఆయనది తాళ్ళకొండపాడు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. రాజయోగం అభ్యసించిన సాధకుడు, శిష్యులున్న గురువు. వీరబ్రహ్మం శిష్యుల్లో కక్కయ్యను చెప్పుకునే సమాజానికి ఇది వింతేమీ కాదు. మాదిగవాడల్లో తాత్విక చర్చ మిషనరీలు రాకముందు నుంచీ సాగుతోంది. వ్యాపారం నిమిత్తం ఉత్తరాదిగా ఏలూరు వైపు తిరిగినప్పుడు పేరయ్య క్రైస్తవ బోధ విన్నాడు. విన్నదాన్ని తన వారికి చెప్పాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు. తర్వాత క్లౌను తన పల్లెకు పిలిపించుకున్నాడు. 1867 జనవరిలో క్లౌ వెళ్ళేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషులు సిద్ధంగా ఉన్నారు. ఆ కొద్ది రోజుల్లో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. విత్తనం చల్లినవాడు ఎవరో, కోతకు వచ్చినవాడు ఎవరో చరిత్రకారులు తేల్చుకోవాలి.

అటు ఒంగోలులో అగ్రకులాల పెద్దలు క్లౌ వద్దకు వచ్చేవారు. చదువు కావాలన్నారు, మతం గురించి ప్రశ్నలు వేశారు. మాదిగలు రావడం మొదలుకాగానే వారి మాట మారింది: వీరిని చేర్చుకుంటే మేము రాము. పైనుంచి కిందికి పాకించే పద్ధతినే ఆనాటి మిషన్లు చాలావరకు నమ్ముకున్నాయి. బ్రాహ్మణుడు మారితే మిగతావారు మారతారన్నది వాటి లెక్క. ఆ రాత్రి క్లౌ దంపతులు విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల పత్రికలోని ఒకే భాగం కనబడిందని, లోకం నీచంగా చూసినవారిని దేవుడు ఎన్నుకున్నాడని అందులో ఉందని ఆయన జీవితకథ చెబుతుంది. అది దైవసంకేతమో యాదృచ్ఛికమో నాకు ముఖ్యం కాదు. ఆయన మాదిగవాడను ఎంచుకున్నాడు, పెద్దకులాల ప్రాపకం పోగొట్టుకున్నాడు. అదే ముఖ్యం.

చేరేవారికి ఆయన పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. చూడటానికి మతనియమాలు, ఊరి ఆర్థిక వ్యవస్థలో మాత్రం ఇవి తిరుగుబాటు. డప్పు మోగకపోతే జాతర లేదు. ఆదివారం వెట్టి లేదంటే కరణం, మునసబులకు కోపం. చెప్పులు, మోటబావికి తోలుసంచులు, పొలంలో చాకిరి, వీటన్నిటికీ బదులుగా కళ్ళంలో కొలిచే గింజలే మాదిగ కుటుంబానికి ఆధారం. ఆ గింజలు ఆపితే ఆకలి. ఆ దెబ్బ తిన్నది క్లౌ కాదు, పల్లెల్లోని మాదిగలు.

1876-78 కరువు గురించి కొంత వివరంగా చెప్పాలి. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకాన్ని ప్రభుత్వం నుంచి కాంట్రాక్టుగా తీసుకున్నాడు. పాత సర్వే అనుభవం అక్కడ పనికొచ్చింది. ఇతర పనిచోట్ల పై కులాల మేస్త్రీల తిట్లు, కూలి కోతలు భరించిన మాదిగలకు ఇక్కడ తమ బోధకులే పర్యవేక్షకులు. గంజికోసం మతం అనే ఆరోపణకు జవాబు తేదీల్లోనే ఉంది. కరువు పనులు సాగినంతకాలం, సుమారు 15 నెలలు, క్లౌ బాప్తిస్మాలు పూర్తిగా ఆపేశాడు. అడిగినవారిని వెనక్కి పంపాడు. పనులు ముగిసి, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పిన తర్వాతా జనం తగ్గలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీటిలో దిగి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు. ఆరుగురు స్థానిక బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. ఏడాది చివరికి ఒంగోలు సంఘం 12 వేలు దాటింది.

లోపాలు లేవని అనను. మాదిగ పెద్దల వ్యవస్థను, వాడను, బంధుత్వాలను కదపకుండానే సంఘాన్ని దాని మీద నిలబెట్టాడు. అందువల్ల ఉద్యమం బలపడింది. అందువల్లే కులం కూడా చర్చి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువగా ఉండటం, ఇరువురి మధ్య పెళ్ళిళ్ళు నేటికీ అరుదుగానే జరగడం మనం చూస్తున్నదే. దొర అన్న పిలుపులోని దూరమూ చెరగలేదు.

రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగల కథలు, మాతంగి ఆచారాలు సేకరించి 1899లో పుస్తకంగా వెలువరించింది. పేరయ్య వంటివారి గురించి మనకు ఈపాటి తెలియడం చాలావరకు ఆమె చలవే. క్లౌ 1910 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో మరణించాడు.

నలభై ఏళ్ళ తర్వాత, 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకు మాత్రమే షెడ్యూల్డు కుల హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. గుండ్లకమ్మలో మునిగినవారి మునిమనవలు కాగితం మీద బీసీ-సీ. ఊళ్ళో మాత్రం వారి ఇల్లు అడిగితే ఇప్పటికీ మాదిగవాడ దారే చూపిస్తారు.